హంపీ ఆదాయంలో ఊరి వాటా ఎంత?

హంపీ విరూపాక్షాలయం ఎదుట ఉన్న రథవీధిలో రాతి సాలుమండపాలలో కొంత భాగం 2024 మే నెలలో కురిసిన భారీ వర్షాలకు కూలిపోయింది. వార్త ఒకటి రెండు రోజులు పత్రికలలో నలిగి మరుగున పడింది. మండపాల మరమ్మతులకు నిధులు చాలడం లేదా, ఉన్న నిధులు సకాలంలో ఖర్చు కావడం లేదా అన్న చర్చ కొంత జరిగింది. అయితే ఈ సందర్భంలో గుర్తుకు రావలసిన మరో విషయం ఎవరి దృష్టికీ రాకపోవడం శోచనీయం. 2011 జూలై వరకు ఆ మండపాలు నిర్మానుష్యంగా లేవు. వాటిలోనూ, వాటిని ఆనుకొనీ మూడు వందలకు పైగా కుటుంబాలు నివసించేవి. కొబ్బరికాయలు, పూసల దండలు అమ్మేవారు, యాత్రికులకు భోజనాలు వండిపెట్టేవారు, రెండు గదులు అద్దెకిచ్చి బతికేవారు దశాబ్దాలుగా అక్కడే ఉండేవారు. స్మారక కట్టడాలను ఆక్రమణల నుంచి రక్షించాలన్న పేరుతో, న్యాయస్థానం ఆదేశాలను చూపి, అధికారులు ఒక్క రాత్రి గడువుతో ఆ నివాసాలను కూల్చివేయించారు. మండపాలను మనుషుల నుంచి కాపాడగలిగిన యంత్రాంగం వాన నుంచి కాపాడలేకపోయింది.

ఆక్రమణలను వెనకేసుకురావడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. మండపాల స్తంభాల మధ్య ఇటుక గోడలు కట్టడం, రాతికి మేకులు దిగ్గొట్టడం, ఇనుప షట్టర్లు బిగించడం వల్ల కట్టడాలకు హాని జరిగిన మాట నిజమే. యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన ప్రదేశంలో ఇటువంటి వాటిని ఉపేక్షించడం తగదు. కాని ఖాళీ చేయించే పద్ధతిలోనూ, ఖాళీ చేయించిన తరువాత చూపవలసిన బాధ్యతలోనూ తేడాలు ఉంటాయి. కొన్ని కిలోమీటర్ల దూరాన ఉన్న కడ్డిరాంపురంలో పునరావాసం కల్పిస్తామన్నారు. ఇళ్ల స్థలాలూ పరిహారమూ వెంటనే అందలేదు. ఊరు మారినా ఇల్లు కట్టుకోవచ్చు. యాత్రికులు మసలే వీధి మాత్రం కడ్డిరాంపురానికి తరలిరాదు. ఆ కుటుంబాలు కోల్పోయింది ప్రధానంగా జీవనోపాధిని.

ఇందులో చారిత్రక వైపరీత్యమూ లేకపోలేదు. విరూపాక్షుని ఎదుటి వీధిని విజయనగర ప్రభువులు కట్టించింది చూసి ఆనందించే నిమిత్తం మాత్రమే కాదు. అది సంత సాగే వీధి. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ నగరపు బజారులను చూసి ఆశ్చర్యపడి రాసిపెట్టారు. రాయలు తన పట్టాభిషేక స్మృతిగా 1510లో రంగమండపం కట్టించిన విరూపాక్షాలయంలో నేటికీ నిత్యపూజలు జరుగుతున్నాయి. గుడి బతికి ఉన్నప్పుడు గుడి ముందరి వీధి మాత్రం మ్యూజియం కావాలనడం ఎంతవరకు సబబో ఆలోచించవలసి ఉంది.

హంపీ అంటే శిథిలాల రాశి అని మాత్రమే భావించడం వల్లనే ఈ చిక్కంతా వచ్చింది. యునెస్కో లెక్క ప్రకారం అక్కడ 1,600కు పైగా కట్టడాలు మిగిలి ఉన్నాయి. వాటి నడుమ పచ్చని అరటి తోటలు, వరి మళ్లు ఉన్నాయి. వాటికి నీరందిస్తున్నవి తుర్తు కాలువ వంటి విజయనగర కాలపు కాలువలే. నది అవతలి ఒడ్డున ఆనెగొంది పల్లె ఉంది. ఆ పల్లె విజయనగరం కంటే పాతది, రామాయణ గాథలోని కిష్కింధగా భక్తుల విశ్వాసం. పర్యాటకుడు ఫోటో తీసుకొని ముచ్చటపడే దృశ్యం ఆ రైతు సేద్యం చేస్తున్నందువల్లనే నిలిచి ఉంది. ఆ రైతు పొలం మానేస్తే కాలువ పూడుతుంది, తోట ఎండుతుంది. అప్పుడు హంపీలో మిగిలేది బండలు మాత్రమే.

ఆనెగొంది వాసుల పరిస్థితి కూడా చెప్పుకోదగినదే. నదిపై వంతెన లేక, వారు పుట్టిలోనో పడవలోనో తుంగభద్రను దాటవలసి వచ్చేది. నదికి వరద వచ్చిందంటే ఆసుపత్రికైనా, చదువుకైనా పదుల కిలోమీటర్లు చుట్టు తిరిగి పోవలసిందే. వంతెన నిర్మాణం ఆరంభమైతే వారసత్వ దృశ్యానికి భంగమన్న కారణంతో యునెస్కో 1999లో హంపీని ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. పనులు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. 2006లో ఆ జాబితా నుంచి హంపీని తొలగించారు. పునఃప్రారంభమైన వంతెన 2009 జనవరిలో కూలి కార్మికుల ప్రాణాలు బలిగొంది. పారిస్‌లోని కార్యాలయానికీ బెంగళూరులోని సచివాలయానికీ మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు సాగినంత కాలం ఆనెగొంది వాసి నది గట్టున నిలబడే ఉన్నాడు.

విరూపాపుర గడ్డె కథ దీనికి కొనసాగింపు. నది పాయల నడుమ ఉన్న ఈ లంకలో గుడిసెలు, భోజనశాలలు వెలసి విదేశీ యువ పర్యాటకులకు ఆవాసమైంది. 1988లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించిన ఆ గడ్డపై వాణిజ్య నిర్మాణాలు చెల్లవని హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఖాయం చేసింది. మార్చిలో కూల్చివేత జరిగింది. ఆ నెలాఖరుకే కరోనా లాక్‌డౌన్ వచ్చిపడింది. తీర్పు చట్టానుసారమే. అయితే 1988 నుంచి 2020 వరకు ముప్పై రెండేళ్ల పాటు ఆ నిర్మాణాలు ఎవరి కళ్లెదుట పెరిగాయి అన్న ప్రశ్నకు ఏ అధికారీ జవాబుదారీ కాలేదు.

ఇదిలా ఉండగా, ఇదే కాలంలో హంపీ ప్రతిష్ఠ ఇనుమడించింది. 2017లో వచ్చిన కొత్త 50 రూపాయల నోటుపై విఠలాలయ శిలారథం దర్శనమిచ్చింది. అదే సంవత్సరం ఉడాన్ పథకం కింద హైదరాబాదు నుంచి సమీపంలోని విద్యానగర్‌కు విమానం నడిచింది. 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక చూడవలసిన ప్రదేశాల జాబితాలో హంపీకి రెండవ స్థానం ఇచ్చింది. 2023 జూలైలో జీ-20 ప్రతినిధులు ఇక్కడ సమావేశమయ్యారు. కమలాపురం పరిసరాలలో విజయనగర వాస్తును అనుకరించే కమానులతో, కొలనులతో విలాస హోటలు వెలసింది. అక్కడ ఒక్క రాత్రి బసకు అద్దె పదుల వేల రూపాయలలో ఉంటుంది. నిషిద్ధ పరిధికి ఆవల, అనుమతులతో కట్టిన హోటలును తప్పుపట్టవలసిన పని లేదు. ధనిక యాత్రికుడు రావడమూ మంచిదే. నోట్లు పట్టుకుని వచ్చే అతిథిని కాదనే ఊరు ఉండదు. ఆ నోట్లు ఎక్కడికి పోతున్నాయన్నదే ప్రశ్న.

విఠలాలయం చూడవచ్చిన భారతీయుడు ప్రవేశ రుసుముగా 40 రూపాయలు, విదేశీయుడు 600 రూపాయలు చెల్లించాలని 2018లో నిర్ణయించారు. సార్క్, బిమ్స్‌టెక్ దేశాల వారికి భారతీయుల రుసుమే వర్తిస్తుంది. ఈ మొత్తం కేంద్ర పురావస్తు శాఖ ద్వారా కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి చేరుతుంది. హోటలు గదిపై పూర్వం రాష్ట్రాలు విలాస పన్ను వసూలు చేసేవి. కర్ణాటకలో 1979 నుంచీ దానికి ప్రత్యేక చట్టం ఉండేది. 2017లో అది జీఎస్టీలో కలిసిపోయింది. 7,500 రూపాయలు, అంతకు మించిన గదులపై మొదట 28 శాతంగా ఉన్న పన్నును 2019 అక్టోబరు నుంచి 18 శాతానికి తగ్గించారు. మరోవంక వెయ్యి రూపాయల లోపు గదులకు అంతవరకు ఉన్న మినహాయింపును 2022 జూలైలో ఎత్తివేసి 12 శాతం విధించారు. చౌక వసతులకు సైతం పన్ను వేసి, విలాస గదులకు తగ్గించిన ఆ మూడేళ్ల వరుస ప్రభుత్వ ప్రాధాన్యాలను చెప్పకనే చెబుతుంది. 2025 సెప్టెంబరులో 7,500 రూపాయల వరకు గదులపై పన్నును 5 శాతానికి తగ్గించడం ఆహ్వానించదగినదే. కాగా, 5 అయినా 18 అయినా ఆ పన్ను పంచుకునేది కేంద్రమూ రాష్ట్రమూ మాత్రమే. కమలాపురం, ఆనెగొంది స్థానిక సంస్థలకు నేరుగా దక్కేది ఆస్తి పన్ను వంటి చిల్లర రాబడి. పర్యాటకులు పారవేసిన ప్లాస్టిక్ సీసాలను ఏరవలసిన బాధ్యత మాత్రం వాటిదే.

చేయదలిస్తే మార్గం లేకపోలేదు. పొరుగున ఉన్న నేపాల్‌లో భక్తపూర్ పట్టణాన్ని చూడవచ్చు. కాఠ్మండు లోయలోని ఈ ప్రాచీన పట్టణంలో ప్రవేశించే విదేశీయుల నుంచి రుసుమును పురపాలక సంఘమే వసూలు చేసుకుంటుంది. ఆ సొమ్ముతోనే గుళ్లు, సత్రాలు, వీధులు బాగు చేయిస్తుంది. 2015 భూకంపంలో ఎన్నో ఆలయాలు నేలకూలినప్పుడు, బయటి సాయానికి తోడుగా వచ్చే షరతులు సమ్మతం కాక, స్థానికుల సంఘాల చేతనే సంప్రదాయ పద్ధతిలో పునర్నిర్మాణం సాగించింది. 1702లో కట్టిన ఐదంతస్తుల న్యాతపోల ఆలయం చుట్టూ నేటికీ జనం కాపురం ఉంటున్నారు, కుండలు చేస్తున్నారు, పెరుగు అమ్ముతున్నారు. అక్కడి వారసత్వానికి జనం అడ్డం కాలేదు.

విలాస హోటళ్ల విషయంలో కేరళలోని కుమరకం అనుభవం గమనార్హం. వేంబనాడు సరస్సు ఒడ్డున పెద్ద రిసార్టులు వెలసిన తొలినాళ్లలో ఊరికి దక్కేది స్వల్పమన్న అసంతృప్తి ప్రబలింది. 2008 ప్రాంతంలో పంచాయతీ, పర్యాటక శాఖ, హోటళ్ల యజమానులు ఒక ఒప్పందానికి వచ్చారు. కూరగాయలు, ఇతర సరుకులు కుటుంబశ్రీ మహిళా బృందాల నుంచి హోటళ్లు కొనడం మొదలైంది. ఆరంభంలో సరఫరా సక్రమంగా లేక ఇబ్బందులు ఎదురయ్యాయి, ధరలపై తగవులూ వచ్చాయి. అయినా పద్ధతి నిలబడింది. 2017లో రాష్ట్రమంతటికీ వర్తించేలా ప్రత్యేక మిషన్ ఏర్పాటైంది. హంపీ పరిసరాలలో అరటికీ వరికీ కొదవ లేదు. ఆనెగొందిలో స్త్రీలు అరటినారతో బుట్టలు, సంచులు అల్లుతూ దాన్ని ఒక చేతివృత్తిగా నిలబెట్టారు. వారి సరుకు కొనడానికి హోటలుకు చట్టం అడ్డు రాదు, అలవాటే అడ్డు వస్తున్నది.

స్థానికులకు స్వేచ్ఛ ఇస్తే మళ్లీ ఆక్రమణలే వస్తాయన్న భయం అధికారులలో ఉంది. అది నిరాధారమనలేము. 2025 మార్చిలో సణాపురం వద్ద కాలువ గట్టున పర్యాటకులపైనా, వారికి ఆతిథ్యమిచ్చిన హోంస్టే నిర్వాహకురాలిపైనా జరిగిన ఘోరం దేశాన్ని కలచివేసింది. ఒక యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. ఆ తరువాత ఆ ప్రాంతపు వసతిగృహాలలో అనుమతులు లేనివి ఎన్నో అన్న ఆరా మొదలైంది. పర్యాటకుల భద్రతకు లైసెన్సూ, నమోదూ, పోలీసు గస్తీ అవసరమే. అయితే నియమాలకు లోబడి నడుపుకోదలచిన కుటుంబానికి లైసెన్సు అందుబాటులో ఉండాలి. హంపీ నిర్వహణకు 2002 చట్టం ద్వారా ఏర్పడిన ప్రాధికార సంస్థ పరిధిలో 29 గ్రామాలు ఉన్నాయి. ఎక్కడ ఏమి కట్టవచ్చునో, ఇంటిలో ఎన్ని గదులు అద్దెకివ్వవచ్చునో ఆ గ్రామస్థునికి అర్థమయ్యే కన్నడంలో, ఒకే చోట, నిర్ణీత గడువులో చెప్పే ఏర్పాటు జరిగితే అక్రమాలు సగం తగ్గుతాయి. అనుమతి దొరకనిచోట కట్టడం ఆగదు, లంచం పెరుగుతుంది.

కట్టడాలకు ముప్పు స్థానికుల నుంచే వస్తుందన్న భావన కూడా సవరించుకోవలసినదే. 2019లో విష్ణ్వాలయ ప్రాంగణంలో రాతి స్తంభాన్ని తోసి పడేసి వీడియో తీసిన నలుగురు యువకులు హంపీ వాసులు కారు. న్యాయస్థానం ఒక్కొక్కరికి 70 వేల రూపాయల జరిమానా విధించి, ఆ స్తంభాన్ని వారి చేతనే తిరిగి నిలబెట్టించింది. వీధిలో మనుషులు మసలుతూ ఉంటే అటువంటి ఆకతాయితనాన్ని అడ్డుకోవడానికి వీడియో వైరల్ అయ్యే దాకా వేచి ఉండవలసిన అవసరం రాదు.

ప్రవేశ రుసుములో ఒక నిర్ణీత వంతు, ఉదాహరణకు నాలుగవ వంతు, ప్రాధికార సంస్థ ద్వారా ఆ 29 గ్రామాలకు చేరేలా కేంద్రం నియమావళిని సవరించాలి. విలాస గదుల జీఎస్టీలో రాష్ట్ర వాటా నుంచి కొంత భాగాన్ని స్థానిక సంస్థలకు గ్రాంటుగా ఇవ్వడం రాష్ట్ర ప్రభుత్వం తలచుకుంటే బడ్జెట్టులో చేయగల పని. రథవీధిలో రాతిని తాకని తాత్కాలిక పందిళ్ల కింద, పగటి వేళలలో, నాడు తొలగించిన కుటుంబాల వారికే మొదటి హక్కుగా దుకాణాలు అనుమతించాలి. రాత్రివేళ నివాసం కూడదన్న షరతు పెట్టవచ్చు. దీనికి పురావస్తు శాఖ ఒప్పుకోదన్న వాదన ముందే వినిపిస్తుంది. ఉత్సవాల పేరిట ప్రభుత్వమే ఏటా ఆ పరిసరాలలో వేదికలు కట్టి, దీపాలంకరణలు చేయగలుగుతున్నప్పుడు కొబ్బరికాయల బుట్టకు అభ్యంతరం ఎందుకో ఆ శాఖ చెప్పవలసి ఉంటుంది.

తెలుగువారికి ఇది పొరుగు రాష్ట్రపు వ్యవహారం మాత్రమే కాదు. కాకతీయుల కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిని యునెస్కో 2021లో వారసత్వ జాబితాలో చేర్చింది. దేశంలో అటువంటి ప్రదేశాల సంఖ్య 2025 జూలై నాటికి 44కు చేరింది. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడం నుంచి వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన రెండు వందల మీటర్లలో అనుమతి లేనిదే ఇటుక పేర్చరాదు. అంటే రామప్ప ఉన్న పాలంపేట గ్రామస్థుడు ఇంటికి ఒక గది కలుపుకోవాలన్నా ఈ నియమాన్ని దాటుకుని పోవాలి. అక్కడి గుడిని చూడవచ్చే జనం పెరుగుతున్నారు, హోటళ్ల ప్రతిపాదనలూ వాటి వెంటే వస్తాయి. ఏ రహదారి వెడల్పుకు ఎవరి ఇల్లు పోతుందో, ఏ దుకాణం ఎవరికి దక్కుతుందో, ప్రవేశ రాబడిలో పంచాయతీకి ఎంత వస్తుందో ఇప్పుడే గ్రామసభలో చర్చించి రాతపూర్వకంగా తేల్చుకోవడానికి తెలంగాణ ప్రభుత్వానికి ఇంకా వ్యవధి ఉంది. హంపీలో ఆ చర్చ కూల్చివేతల తరువాత మొదలైంది.