ముందు లెక్క, తర్వాతే బిల్లు: మా ప్రణాళిక

కొత్త విద్యుత్ గ్రిడ్ రావాలి. దాని భారం బీదవాడి నడుము విరవకూడదు. ఈ రెండు మాటలనూ ఒకే గొంతుతో పలకడానికి మేము ఉద్యమంగా ఏకమవుతున్నాం.

2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో విద్యుత్ ఛార్జీల పెంపును నిరసించినవారిపై పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు అసువులు బాశారు. సంస్కరణ అనగానే జనం జేబు తడుముకోవడంలో వింతేముంది? ఆ అనుమానమే మాకు పునాది.

1. ఆధునికీకరణ అనివార్యం. కర్నూలు సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. మిట్టమధ్యాహ్నం పొంగే ఆ కరెంటు దీపాలవేళకు ఉండదు. ఇళ్లలో వాడకం పెరిగేది అప్పుడే. నిల్వ కేంద్రాలు, గట్టి లైన్లు, పూటపూటకూ లెక్క చూపే మీటర్లు కావాల్సిందే.

2. ముందు లెక్క, తర్వాతే బిల్లు. బిల్లు కాగితం చూడండి: ఎనర్జీ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, విద్యుత్ సుంకం, ఆ కిందనే ఇంధన సర్దుబాటు, ట్రూ-అప్. ఈ చివరి రెండూ ఎన్నడో వాడి, సొమ్ము కట్టేసిన యూనిట్లకు మళ్లీ వసూలు! నిన్న అద్దెకు దిగినవాడు పాత కిరాయిదారు వాడకానికి కట్టడం ఏ న్యాయం? టారిఫ్ ఖరారు చేసే ముందు ప్రజల అభ్యంతరాలు పరిశీలించాలని 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ చెబుతోంది. ప్రతి సర్దుబాటుకూ, ప్రతి పెట్టుబడికీ బహిరంగ విచారణ జరగాలి, అదీ తెలుగులో.

3. మీటరు తెలివి మనిషికి మేలు చేయాలి. సౌర గంటల్లో ధర కనీసం 20 శాతం తగ్గాలని 2023 నాటి కేంద్ర నిబంధనలు అంటున్నాయి. మంచిదే. పగలంతా కూలికి పోయి, చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి ఏ గంటకు వాడకం మార్చుకుంటాడు? అందుకే తక్కువ వాడే చిన్న శ్లాబులకు సాయంత్రపు అదనపు ధర వద్దు. బకాయికి సరఫరా ఆపాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలన్న చట్టపు రక్షణను ప్రీపెయిడ్ మీటరు మింగేయకూడదు.

4. రాయితీ ప్రకటించిన ప్రభుత్వమే ఆ సొమ్ము ముందుగా చెల్లించాలి. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ సారం ఇదే.

మేము కోరే రేపటిలో పొలానికి పగలే కరెంటు అందుతుంది, ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నష్టమెంతో ఊరికి తెలుస్తుంది, పొదుపైన ప్రతి రూపాయిలో వినియోగదారుడికి వాటా దక్కుతుంది.

విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) టారిఫ్ ప్రతిపాదనలు బహిరంగ పత్రాలు. అభ్యంతరం రాయడానికి లాయరు అక్కర్లేదు. మిత్రమా, ఈ ఏడు మీ పేరుతో ఒక కాగితం విద్యుత్ నియంత్రణ కమిషన్‌కు పంపండి. విచారణ రోజున మా పక్కన వచ్చి కూర్చోండి.