తరమాల్సింది పందులనా, పెంటకుప్పలనా?

వానకాలం మొదలైందంటే చాలు, మన మున్సిపాలిటీలకు పందులు గుర్తుకొస్తాయి. వారం గడువని నోటీసు అంటిస్తారు, మైకులో చాటింపు వేయిస్తారు. గడువు తీరగానే పక్క రాష్ట్రం నుంచి పట్టేవాళ్లను పిలిపించి, వలలు పన్ని, దొరికినవాటిని లారీలకెత్తిస్తారు. పట్టణం శుభ్రమైందని పేపర్లకు ప్రకటన వెళ్తుంది. రెండు నెలలు గడిచేసరికి అదే మోరీలో, అదే పెంటకుప్ప మీద మళ్లీ పందులే. మళ్లీ ఏడాది మళ్లీ నోటీసు. ఏండ్ల తరబడి నడుస్తున్న ఈ తంతును 'నియంత్రణ' అనొచ్చా అన్నదే మా ప్రశ్న.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పందుల్ని వీధుల్లో వదిలేసి పెంచడాన్ని మేం సమర్థించడం లేదు. పందుల బాధ పడేది పెద్దింటి కాలనీలు కాదు, బస్తీలే. ఇంటి ముందర మోరీ పారే చోట, పసిపిల్లలు నేల మీద ఆడుకునే చోట పందుల మంద తిరుగుతుంటే ఏ తల్లికి నిమ్మళం ఉంటుంది? రాత్రికి రాత్రి మక్కచేను తొక్కిపోతే రైతు ఎవరిని అడగాలి? ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ కోపాన్ని సర్కారు ఎటు మళ్లిస్తున్నదో చూడాలి.

రోగాల ముచ్చట దాచిపెట్టాల్సిన పని లేదు. జపనీస్ మెదడువాపు వైరస్ కొంగల్లాంటి నీటిపక్షుల్లో ఉంటుంది. వరిమడుల్లో, నిలిచిన నీళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. ఆ దోమ పందిని కుడితే వైరస్ పంది ఒంట్లో పదింతలు పెరుగుతుంది, అక్కడి నుంచి మళ్లీ దోమ ద్వారా మనిషికి చేరుతుంది. కాబట్టి పందుల దొడ్డి ఇండ్లకు దూరంగా ఉండాలన్నది నిజం. దానితోపాటు దోమ పుట్టే నీళ్లు నిలవకూడదన్నదీ, పిల్లలకు టీకా పడాలన్నదీ అంతే నిజం. బద్దెపురుగు కథ ఇంకా విచిత్రం. మనిషి మలం తినడం వల్లనే ఆ పురుగు గుడ్లు పంది ఒంట్లోకి పోతాయి. సరిగ్గా ఉడకని ఆ మాంసం తిన్న మనిషి పేగుల్లో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, నీళ్ల ద్వారా, కూరగాయల ద్వారా ఇంకొకరి కడుపులోకి పోయి మెదడులో బుడగలు కట్టి ఫిట్స్ తెప్పిస్తాయి. అంటే పందికి ఆ రోగం అంటించేది మనిషే. మరుగుదొడ్డి లేని బస్తీ, శుభ్రం చేయని మోరీ ఉన్నంతకాలం ఎన్ని పందుల్ని లారీలకెత్తినా ఆ చక్రం పూర్తిగా ఆగదు.

నింద ఎంత తేలికో మన అనుభవంలోనే ఉంది. 2003 ఎండాకాలం చివర కరీంనగర్, వరంగల్ జిల్లాల పల్లెలు మెదడువాపుతో వణికాయి. ఆనాటి ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలు జబ్బు పడితే 183 మంది చనిపోయారు. మెదడువాపు అనగానే అందరి చూపూ పందుల మీదికే పోయింది. చివరికి శాస్త్రవేత్తలు తేల్చింది చండీపురా వైరస్ అని. దాన్ని మోసేది ఇసుక ఈగ, అది పుట్టేది మట్టిగోడల పగుళ్లలో, తేమ నేలలో. 2009 మేలో దేశంలోనే మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో బయటపడింది. పేరులో పంది ఉన్నా అది పాకింది మనిషి దగ్గు, తుమ్ముల నుంచి మనిషికే. పేదవాడి పంది ఎదురుగా కనపడుతుంది కాబట్టి నేరం దాని మీద వేయడం సులువు.

ఇంతకూ పట్టుకుపోయిన పందులు మళ్లీ ఎందుకొస్తున్నాయి? ఆడపంది 114 రోజులకు ఈనుతుంది. ఈతకు ఎనిమిది, పది పిల్లలు, ఏడాదికి రెండు ఈతలు. తిండి ఉన్నచోట ఆ మంద ఎంతసేపట్లో నిండుతుంది? ఆ తిండి పెడుతున్నదెవరు? ఫంక్షన్ హాళ్ల ఎంగిలి విస్తర్లు, హోటళ్ల కుళ్లు, కూరగాయల మార్కెట్ల చెత్త, మూతలేని మోరీలు. చెత్త ఎత్తాల్సిన మున్సిపాలిటీ ఎత్తకపోవడం వల్లే పందికి మేత దొరుకుతున్నది. పెంటకుప్పను ఉంచి పందిని తరమడం బావిలో కప్పను ఉంచి బెకబెకలు ఆపమన్నట్టే.

చట్టం పందులవాళ్లకు మాత్రమే లేదు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగేలా పశువుల్ని పెంచొద్దని మున్సిపల్ చట్టాలు చెప్తాయి, నిజమే. కానీ 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలు ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త నిర్వహణలను మున్సిపాలిటీల పద్దులోనే చేర్చింది. 1980లో మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం కేసు సుప్రీంకోర్టుకు పోయింది. మురుగు, మలం, దోమలతో బతకలేకపోతున్నామని జనం మొరపెట్టుకుంటే మున్సిపాలిటీ డబ్బుల్లేవన్నది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదని తీర్పు ఇచ్చారు. మోరీలు, మరుగుదొడ్లు కట్టి తీరాల్సిందేనన్నారు. ఆనాటి నేర విచారణ స్మృతి 133వ సెక్షన్ కిందే ఆ పని చేయించారు. ఇప్పుడు అదే అధికారం నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. పందుల యజమానికి వారం గడువిచ్చే కమిషనర్లు తమ మోరీలకు ఎన్నేండ్ల గడువు తీసుకున్నారో లెక్క చెప్పాలి.

ఇక ఆ యజమానులెవరు? అన్ని కులాలవాళ్లూ అక్కడక్కడా పెంచుతున్నా, తరతరాలుగా పంది మీద బతికింది ఎక్కువగా ఎరుకలవాళ్లే. బుట్టలు, చాటలు అల్లి, ఎరుక చెప్పి, పందుల్ని కాసి బతికిన జాతి అది. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటి కులాలకు పుట్టుకతోనే దొంగతనం అంటగట్టింది. ఆ చట్టం 1952లో రద్దయినా పోలీసుల చూపు రద్దు కాలేదు. తెలంగాణలో వాళ్లను షెడ్యూల్డు తెగగా గుర్తించింది 1976 సవరణ తర్వాతనే. ప్లాస్టిక్ వచ్చి బుట్టను చంపింది. మిగిలింది పంది. దాన్ని కూడా నోటీసు ముక్కతో గుంజుకుంటే ఆ ఇంటి పొయ్యి ఎట్ల మండాలి?

ఇంకో సంగతి కూడా ఉంది. ఒకప్పుడు ఊరి బయటే ఉన్న దొడ్లు ఇవాళ ఊరి నడుమకు ఎట్ల వచ్చాయి? దొడ్లు నడిచి రాలేదు, ఊరే వాటి మీదికి పోయింది. చెరువు శిఖం పక్కన, వాగొడ్డున ఉన్న గుడిసెల చుట్టూ వెంచర్లు వెలిశాయి. 2018లో పదుల సంఖ్యలో ఊర్లు మున్సిపాలిటీలయ్యాయి. నిన్న పంచాయతీలో ఎవరికీ అడ్డురాని దొడ్డి, ప్లాటు ధర పెరగగానే 'అపరిశుభ్రం' అయింది. శుభ్రత పేరుతో జాగ ఖాళీ చేయించే పని ఎక్కడ జరిగినా మనం గుర్తుపట్టాలి.

మరి ఏం చేయాలి? దారి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. తోపుడుబండ్లవాళ్ల విషయంలో దేశం ఇదే తగువు చూసింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ముందు సర్వే చేయాలి, సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ వెళ్లగొట్టొద్దు, జాగ చూపించాలి, నిర్ణయించే కమిటీలో 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలి అన్నది ఆ చట్టం. పందుల పెంపకందార్లకూ ఇదే పద్ధతి ఎందుకు పనికిరాదు?

ప్రతి పట్టణంలో ముందు లెక్క తీయాలి. ఎవరికెన్ని పందులు, ఎక్కడ, ఎవరి పేరు వెనక ఎవరి పెట్టుబడి ఉందో తేలాలి. నివాసాలకు, తాగునీళ్లకు దూరంగా జాగ ఇచ్చి, నీళ్లు, కరెంటు, వాలు ఉన్న సిమెంటు నేల, పేడకు బయోగ్యాస్ గుంత ఏర్పాటు చేయాలి. పశువైద్యుడు నెలనెలా పోవాలి, స్వైన్ ఫీవర్ టీకాలు వేయాలి. హోటల్ ఎంగిలి ఉడికించి పెట్టడం తప్పనిసరి చేయాలి. 2020లో అస్సాం, అరుణాచల్‌లలో మొదలైన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మనుషులకు అంటదు గానీ, సోకితే దొడ్డికి దొడ్డే ఖాళీ అవుతుంది. పచ్చి ఎంగిలి దానికి ఒక దారి. మాంసాన్ని డాక్టరు పరీక్షించే కబేళా కావాలి. ఇవన్నీ ఇచ్చాక కూడా పందుల్ని రోడ్డు మీదికి వదిలితే జరిమానా వేయండి, పట్టుకోండి, మేం అడ్డుపడం. పట్టుకున్న ప్రతి పందికీ రసీదు ఇవ్వండి.

చిన్న దొడ్లు తీసేసి పెద్ద ఫారాలు పెడితే సరిపోతుందనేవాళ్లకు మలేసియా గుర్తుచేయాలి. 1998-99లో అక్కడి పెద్దపెద్ద పందుల ఫారాల్లోనే నిపా వైరస్ చెలరేగింది. ఫారాల పక్కనే పండ్లతోటలు, వాటి మీద గబ్బిలాలు. మొదట దాన్నీ జపనీస్ మెదడువాపే అనుకొని దోమల మందు కొట్టారు. తేరుకునేసరికి 105 మంది చనిపోయారు, పది లక్షలకు పైగా పందుల్ని చంపాల్సి వచ్చింది. ఫారం పెద్దదైనా చిన్నదైనా రోగాన్ని ఆపేది జాగ ఎంపిక, నిరంతర తనిఖీ మాత్రమే.

ఉమ్మడి రాష్ట్రంలో పంది మాంసం ఫ్యాక్టరీ గన్నవరంలో, పందుల పరిశోధన తిరుపతిలో అయ్యాయి. తెలంగాణ పెంపకందారుకు మిగిలింది పెంటకుప్ప. అది నిన్నటి మాట. 2014 జూన్ 2 తర్వాత ఆ సాకు చెప్పే హక్కు మనకు లేదు. 2023లో ఎరుకల సాధికారత పథకం ప్రకటించారు. పథకం కాగితం మీద ఉండి, వల మాత్రం బస్తీలో కనిపిస్తే అది మన రాష్ట్రంలో జరిగే అన్యాయమే అవుతుంది.

విద్యార్థి మిత్రులారా, మన హాస్టల్ మెస్సులో మిగిలిన అన్నం ఎవరి డ్రమ్ముల్లో, ఏ దొడ్డికి పోతున్నదో ఒకసారి అడగండి. మున్సిపల్, పశువైద్య శాఖల్లోని ఉద్యోగ మిత్రులారా, నోటీసు మీద సంతకం పెట్టేముందు ప్రత్యామ్నాయ జాగ ఏదని ఫైలులో ఒక్క వాక్యం రాయండి. వంటావార్పులప్పుడు ఒకే బంతిలో కూర్చొని తిన్నాం. ఆ బంతిలో ఎరుకల బిడ్డలూ ఉన్నారు. కౌన్సిల్ సమావేశంలో పందుల వేట టెండరు ఈసారి ఎజెండాకు వచ్చినప్పుడు, అంతకన్నా ముందు మోరీల ఎస్టిమేట్, దొడ్ల జాగ బల్ల మీదికి రావాలి. అవి రాకుండా వల పట్టుకొని ఎవరొచ్చినా బస్తీ జనం, ఎరుకల జనం కలిసే నిలదీయాలి.