సాగనంపేది ఒక బడి.. చేరదీసేది మరో బడి
ప్రత్యేక అవసరాల చిన్నారులకు ప్రత్యామ్నాయ పాఠశాలలే దిక్కు
తిరిగి వచ్చే దారేదీ?

హైదరాబాద్, బర్కత్‌పుర: ఒకవైపు అశోక్‌నగర్‌లోని పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, మరోవైపు నారాయణగూడలోని జూనియర్ కళాశాలలు, ఆ పక్కనే చిక్కడపల్లిలో కుర్చీ దొరకడమే గగనమైన నగర కేంద్ర గ్రంథాలయం. వీటి నడుమ ఉన్న బర్కత్‌పుర పరిసరాల్లో చదువంటే ర్యాంకులేనన్న భావన పాతుకుపోయింది. ఈ పరుగులో వెనుకబడే పిల్లలూ ఉన్నారు. అక్షరాలు తారుమారు చేసి రాసేవారు, పది నిమిషాలు కుదురుగా కూర్చోలేనివారు, పిలిస్తే పలకనివారు, వయసుకు తగిన బుద్ధి వికాసం లేనివారు సాధారణ పాఠశాలలో ఎంతకాలం నిలుస్తారన్నది అక్కడి యాజమాన్యం ఓపికపైనే ఆధారపడుతోంది.

ఇటువంటి విద్యార్థిని బడి నుంచి తొలగించినట్లు ఎక్కడా కాగితం ఉండదు. ‘మీ అబ్బాయికి మా పద్ధతి సరిపడదండీ, ప్రత్యేక పాఠశాలలో అయితే బాగా చూసుకుంటారు’ అని తల్లిదండ్రులకు నచ్చజెబుతారు. తోటి పిల్లల తల్లిదండ్రులు ఫిర్యాదు చేస్తున్నారని కూడా అంటారు. చివరకు బదిలీ ధ్రువపత్రం కోసం తండ్రి చేతనే దరఖాస్తు రాయిస్తారు. దాంతో తొలగింపు కాస్తా రికార్డుల్లో ‘తల్లిదండ్రుల కోరికపై’ జరిగిన బదిలీగా మారిపోతుంది.

చట్టం మాత్రం ఇందుకు పూర్తి భిన్నంగా ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఎలిమెంటరీ విద్య పూర్తయ్యే వరకు ఏ విద్యార్థినీ బడి నుంచి తొలగించరాదు. 2019 సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైన వారిని అదే తరగతిలో నిలిపివేసే వీలు రాష్ట్రాలకు లభించింది. అయినా తొలగింపుపై నిషేధం చెక్కుచెదరలేదన్నది గమనార్హం. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలు ఇందులో చేరాయి. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వివక్ష లేకుండా ప్రవేశం కల్పించాలని, అభ్యసన వైకల్యాలను తొలిదశలోనే పసిగట్టి తగిన బోధన అందించాలని ఇదే చట్టం నిర్దేశించింది. అంటే ప్రైవేటు బడులకూ మినహాయింపు లేదు.

ఇక్కడొక చిక్కుముడి ఉంది. 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉంటేనే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య వంటి హక్కులు వర్తిస్తాయి. అభ్యసన వైకల్యం విషయంలో 2018 మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు నిండాకే ధ్రువపత్రం ఇవ్వాలన్నాయి. మన ప్రైవేటు బడుల్లో మూడేళ్లకే నర్సరీ మొదలవుతుంది. ఒకటో తరగతి దాటేసరికి తెలుగు, హిందీ, ఇంగ్లిషు లిపులు మూడూ మీద పడతాయి. ఇంట్లో ఉర్దూయో మార్వాడీయో మాట్లాడే పిల్లలకు ఈ భారం మరింత ఎక్కువ. బడి వద్దనే వయసు ఆరు, ధ్రువపత్రం వచ్చే వయసు ఎనిమిది. ఆ రెండేళ్లూ బిడ్డ ‘మొద్దు’గానో ‘అల్లరివాడు’గానో ముద్రపడుతున్నాడు. బడులు గుర్తించాల్సిన బాధ్యతకు ధ్రువపత్రంతో పనిలేదన్న సంగతి తల్లిదండ్రుల్లో ఎందరికి తెలుసు?

అక్కడ జరిగేదేమిటి?

ఇలా బయటపడిన చిన్నారులను చేరదీస్తున్నవి ప్రత్యేక, ప్రత్యామ్నాయ పాఠశాలలు. ఈ విషయంలో జంట నగరాలకు మంచి చరిత్రే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, సికింద్రాబాద్‌లోని స్వీకార్ ఆరంభ దశలోనే ఈ బాధ్యతను భుజాన వేసుకున్నాయి. 1984లో బోయిన్‌పల్లిలో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (నేటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) ప్రత్యేక ఉపాధ్యాయులను తయారు చేయడంలో దేశానికే దారి చూపింది.

ఈ బడుల బలం భవనాల్లో లేదు, బోధనలో ఉంది. మొదట బిడ్డకు ఏమి వచ్చో చూస్తారు, ఏమి రాదో తర్వాత. ప్రతి ఒక్కరికీ విడిగా విద్యా ప్రణాళిక రాసి, నిర్ణీత కాలానికోసారి సరిచూస్తారు. ‘ప’కు ‘వ’కు తేడా తెలియని బిడ్డ చేత ఇసుకలో వేలితో దిద్దిస్తారు, గరుకు కాగితంతో చేసిన అక్షరాలను తడిమిస్తారు. పది రూపాయలిచ్చి కిరాణా కొట్టులో బిస్కెట్లు కొని మిగతా చిల్లర తెమ్మనడమూ లెక్కల పాఠమే. చొక్కా గుండీ పెట్టుకోవడాన్ని అయిదారు చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పుతారు. అరవై మంది ఉన్న తరగతిలో ఇది సాధ్యం కాదన్న ఉపాధ్యాయుల వాదనలో నిజం లేకపోలేదు.

పరీక్షల విషయంలో సార్వత్రిక విద్యాపీఠం (ఎన్‌ఐఓఎస్) ఈ పిల్లలకు పెద్ద ఊరట. ఒక భాష సహా అయిదు సబ్జెక్టులు చాలు. అయిదేళ్లలో తొమ్మిది పర్యాయాలు రాసుకోవచ్చు, గట్టెక్కిన సబ్జెక్టు మళ్లీ రాయనక్కరలేదు. రాష్ట్ర సార్వత్రిక పాఠశాల ద్వారానూ పదో తరగతి పూర్తి చేయవచ్చు. ఈ బాట మనకు మరీ కొత్తదేమీ కాదు. 1928లో నారాయణగూడలో మాడపాటి హనుమంతరావు తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల నడిపితే నిజాం ప్రభుత్వ గుర్తింపు దక్కలేదు. కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగానే ఆ పిల్లలు పరీక్షలు రాశారు. బర్కత్‌పురకు కూతవేటు దూరంలోని కథ ఇది.

అయితే ఎన్‌ఐఓఎస్ పదో తరగతికి కనీస వయసు 14 ఏళ్లు. ఎనిమిదేళ్లకు సాధారణ బడి వీడిన బిడ్డకు నడుమ ఆరేళ్లు మిగులుతాయి. ఆ ఆరేళ్లలో చదవడం, రాయడం గాడిన పడి తిరిగి పాత బడికి వెళ్లగలిగిన వారికి తలుపు తెరిచేదెవరు? ప్రత్యామ్నాయ పాఠశాల ఎంత చక్కగా పనిచేస్తే, సాధారణ పాఠశాల అంత నిశ్చింతగా తన బాధ్యత దులుపుకొంటోంది. అసలు సమస్య ఇదే. డిస్లెక్సియా ఉన్న బిడ్డకు కావలసింది రోజుకు గంటో రెండు గంటలో ప్రత్యేక బోధన, పరీక్షలో అదనపు సమయం. అంతమాత్రానికి బడినే మార్పించడం అన్యాయం. తీవ్ర బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ సంగతి వేరు, ఆ బిడ్డకు ప్రత్యేక పాఠశాలే మేలు కావచ్చు. ఇద్దరినీ ఒకే గాటన కట్టి సాగనంపడం తగదు.

ప్రభుత్వం వైపు నుంచి భవిత కేంద్రాలు ఉన్నాయి. ఫిజియోథెరపీ, ప్రత్యేక బోధన, రవాణా భత్యం వీటి ద్వారా అందాలి. భారమంతా ఒప్పంద ఉపాధ్యాయులపైనే ఉంటోంది. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో స్పష్టం చేసింది. మూడున్నరేళ్లు కావస్తుండగా, పోస్టులను నోటిఫై చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

ఈలోగా తల్లిదండ్రులు చేయగలిగిన పనులు రెండున్నాయి. ప్రత్యేక పాఠశాలలో చేర్చే ముందు అక్కడి ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగాలి. బోర్డు మీద ‘పాఠశాల’ అని ఉన్నా లోపల గంటల లెక్కన థెరపీ రుసుము వసూలు చేసే కేంద్రాలూ ఉంటాయి. రెండోది, పాత బడి టీసీ తీసుకోమన్నప్పుడు ఆ మాటను రాతపూర్వకంగా ఇవ్వమని కోరాలి. బడి మానడానికి కారణం రాసే గడిలో ‘తల్లిదండ్రుల కోరికపై’ అని ఉంటే, ఆ టీసీ తీసుకునే ముందే మండల విద్యాధికారికి ఫిర్యాదు చేయవచ్చు.