ఫరహాబాద్‌లో మెహమాన్ ఎవరు?

ఈద్ సెలవులు దగ్గరపడితే మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒకటే బహస్. ఊటీయా, గోవాయా, అజ్మీర్‌కి టికెట్లు దొరుకుతాయా అని. "మన లింగాల దిక్కు పోదాం" అని నేనంటే, "అక్కడేముంది భాయ్, జంగల్ తప్ప!" అని హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలు నవ్వుతారు. జంగలే ఉంది. నేను పోదామనేదీ అందుకే.

లింగాల దాటి కొంచెం లోపలికి పోతే నల్లమల మొదలవుతుంది. అప్పాపూర్ చెంచు పెంట, సలేశ్వరం లోయ మా మండలంలోవే. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర. జనం ఎండలో రాళ్లమీద నడిచి, లోతైన లోయలోకి దిగి, జలపాతం కింద నిలబడతారు. అక్కడ పూజారులు చెంచులే. ఆ రోజుల్లో మా నానీ వాకిట్లో కుండ పెట్టి, నడిచిపోయేవాళ్లకు నీళ్లిచ్చేది. ప్యాసా మనిషికి మజహబ్ అడగొద్దనేది.

మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీద ఫరహాబాద్ వస్తుంది. పోయిన చలికాలం మా బిడ్డ బోర్డు చదివి "అబ్బా, ఇది మన పేరు కదా!" అంది. మన జుబాన్ పేరే. ఫరహ్ అంటే ఖుషీ. నిజాం కాలంలో ఇది శికార్‌గాహ్, పాత బంగళా శిథిలాలు ఇంకా ఉన్నాయి. పులిని చంపడానికి వచ్చిన చోటుకే ఇప్పుడు పులిని చూడటానికి జీపుల్లో పోతున్నాం. అది తరక్కీయే, ఒప్పుకుంటా.

కానీ ఆ రోజు మాకు దారి చూపించిన చెంచు కుర్రాడు ఒక మాటన్నాడు. "మీరు లోపలికి వస్తున్నరు సార్, మమ్మల్ని బయటికి పొమ్మంటున్నరు." నా దగ్గర జవాబు లేదు.

2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వులో పులులకు నిమ్మళం కావాలని, కోర్ ఏరియాలోని కుటుంబాలను బయటికి తరలిస్తామంటారు. ఒప్పుకున్నవాళ్లకు ఇచ్చే ప్యాకేజీ 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలైంది. కాగితం మీద అంతా మర్జీ ప్రకారమే. తేనె, ఇప్పపువ్వు, గడ్డలతో బతికిన మనిషి అడవి అవతల ఆ రకం ఖర్చయిపోయాక ఏం చేస్తాడో కాగితంలో ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకిచ్చిన హక్ ఖైరాత్ కాదు. పులి పేరు చెప్పి దాన్ని లాక్కోవడం నాకు నచ్చదు. పులికి చెంచుల కంటే మన కార్ల హారన్లు, బిర్యానీ డబ్బాలే ఎక్కువ తక్లీఫ్ అని నా ఖయాల్.

టూరిజం వద్దనడం లేదు. 2019లో ఇక్కడే 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతుకుతామన్నప్పుడు, నల్లమల పేరు వినని పట్నం జనం కూడా గొంతు కలిపారు. సెప్టెంబర్ 16న అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అడవిని చూసి, ముహబ్బత్ పెంచుకున్నవాళ్లు పెరిగితే దానికి పహరా ఉంటుంది. రిసార్టులు, రోప్‌వేలు, సలేశ్వరం దాకా తారురోడ్డు మాత్రం నాకొద్దు. అక్కడికి నడిచే పోవాలి, కాళ్లు నొప్పెట్టాలి. గైడ్ పని, జీపు పని, తేనె అమ్ముకునే దుకాణం ముందు చెంచు పిల్లలకే దక్కాలి.

ఇక మన ఇళ్ల సంగతి. మా ట్రిప్పులోనే దస్తర్‌ఖాన్ ఎత్తేసరికి కింద పన్నెండు ప్లాస్టిక్ గ్లాసులు. దారిలో ముల్లు తీసేయడం సదఖా అని పిల్లలకు సబక్ చెప్పేది మనమే! నేను ఏరుతుంటే మా బావ "ఛోడో, వాళ్లు ఊడుస్తారులే" అన్నాడు. వాళ్లెవరు?

ఈసారి గ్రూపులో మెసేజ్ పెట్టేశాను. వానాకాలం మూడు నెలలు సఫారీ బంద్ కాబట్టి డిసెంబర్‌లో పోదాం. రాత్రి తొమ్మిదికి గేట్లు పడతాయి, పొద్దున్నే బయల్దేరాలి. స్టీలు గ్లాసులు, స్టీలు టిఫిన్లు. స్పీకర్ ఎవరూ తేవొద్దు. తమ్ముళ్లలో ఇద్దరు సరేనన్నారు. బావ ఇంకా బ్లూటిక్ మీదే ఉన్నాడు.