అనుమానం వాళ్లకు జోక్, మనకు లాఠీ



"అన్నా, మర్డర్ మిస్టరీ చూసినవా, మస్తు కామెడీ" అని చేవెళ్ల హాస్టల్ తమ్ముడొకరు మెసేజ్ పెట్టాడు. చూశాను. నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలి కదా, అందుకే ఈ పోస్టు.

2019 జూన్ 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఇది. ఆడం శాండ్లర్ న్యూయార్క్ పోలీసు. జెన్నిఫర్ ఆనిస్టన్ అతని భార్య, జనాలకు జుట్టు కత్తిరించి బతికే మనిషి. పెళ్లయిన 15 ఏళ్లకు యూరప్ చూడబోతారు. విమానంలో పరిచయమైన ఒక డబ్బున్న మనిషి పిలిస్తే కోటీశ్వరుడి ఓడ ఎక్కుతారు. అక్కడ లైట్లు ఆరిపోతాయి, కోటీశ్వరుడు కత్తిపోటుకు చనిపోతాడు. అనుమానం ఈ ఆలుమగల మీద పడుతుంది. మొదటి మూడు రోజుల్లోనే 3 కోట్లకు పైగా అకౌంట్లలో చూశారని నెట్‌ఫ్లిక్స్ గొప్పగా ప్రకటించింది.

డిటెక్టివ్ పరీక్ష ఫెయిలై, పాసయ్యానని భార్యకు అబద్ధం చెప్పిన భర్త అతను. అసలు కథ ఆ అబద్ధంలో ఉంది. దాన్ని రెండు గొడవలతో సరిపెట్టి, కార్ల ఛేజింగులోకి దూకేశారు. హంతకులెవరో తెలిశాక కూడా "అయ్యో, ఇది ముందే పట్టుకోవాల్సింది" అనిపించదు. 'జోడియాక్' లాంటి సినిమాకు స్క్రిప్టు రాసిన జేమ్స్ వాండర్‌బిల్టే దీన్నీ రాశాడంటే ఆశ్చర్యమేసింది.

నా అసలు పేచీ వేరే. పని చేసుకుని బతికే ఇద్దరిని కోటీశ్వరుల మధ్యలో నిలబెట్టి, హత్యానేరం మోపి, దాన్ని హాలిడే చేశారు. పేపర్లో ఫోటో పడితే జోక్, పారిపోతే జోక్. ఓడలో వడ్డించేవాళ్లు, తుడిచేవాళ్లు ఒక్కరూ గుర్తుండరు.

ఇప్పుడు మొయినాబాద్ రండి. జంట జలాశయాల కోసం 1996లో 84 గ్రామాలకు 111 జీవో పెట్టారు. అయినా ఫాంహౌసులు లేచాయి. చాలా గేట్ల పక్కన ఒక చిన్న గది ఉంటుంది. అందులో ఒక జంట. ఆయన కాపలా, ఆమె వంట, ఊడ్పు. 2022 అక్టోబర్‌లో ఇక్కడి ఫాంహౌస్‌లో ఎమ్మెల్యేల కొనుగోలు కేసు బయటపడినప్పుడు పెద్దల పేర్లన్నీ మనకు నోటికొచ్చాయి. ఆ రాత్రి అక్కడ గిన్నెలు తోమింది ఎవరో మనలో ఎవరమైనా అడిగామా?

అదే ఫాంహౌస్‌లో ఒక గొలుసు పోతే మాత్రం మొదట పిలుపు వచ్చేది ఆ గదికే.

ఇది మన రంగారెడ్డి జిల్లాలోనే జరిగింది. 2024లో షాద్‌నగర్‌లో బంగారం పోయిందన్న ఫిర్యాదు మీద ఒక దళిత మహిళనూ భర్తనూ స్టేషన్‌కు తీసుకెళ్లారు. భర్తను పంపించి తనను చిత్రహింసలు పెట్టారని ఆమె చెప్పింది. సస్పెండ్ అయినవాళ్లలో ఒకరు డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్. శాండ్లర్ పాత్ర కలలుగన్న ఉద్యోగం అదే! అంతకుముందు 2021 జూన్‌లో అడ్డగూడూరు స్టేషన్‌లో, దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత వంటమనిషి కస్టడీలోనే చనిపోయింది. తర్వాత పోలీసులను ఉద్యోగాల నుంచి తీసేశారు. ఆ తల్లి తిరిగి రాలేదు.

కామెడీ వద్దని నేననడం లేదు. అదే 2019 జూన్‌లో మన తెలుగులో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వచ్చింది. కడుపుబ్బ నవ్విస్తూనే, రైలు పట్టాల పక్కన దొరికే దిక్కులేని శవాల గురించి అడిగింది. ఎవరికీ పట్టని మనిషిని లెక్కలోకి తెచ్చింది. అందుకే ఆ నవ్వు నిలబడింది.

విద్యార్థి మిత్రులారా, సినిమా మర్చిపోండి, ఇది రాసిపెట్టుకోండి. కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 179 ప్రకారం మహిళను సాక్షిగా విచారించాలంటే పోలీసులే ఆమె ఇంటికి రావాలి, స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. వకీలును కలిసే హక్కు రాజ్యాంగం 22వ ఆర్టికల్ ఇచ్చింది, బాబాసాహెబ్ రాసిపెట్టిన హక్కు అది.

ఈ ఆదివారం మీ ఊరి ఫాంహౌసుల గేట్ల దాకా వెళ్లండి. ఆ గదుల్లో ఉన్న అక్కలకు, అన్నలకు ఈ మూడు మాటలు చెప్పండి. మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి.