మా పద్మిని తలుపు అట్ట

నాన్నగారి ప్రీమియర్ పద్మినిని తిరిగి రోడ్డెక్కించాలని పూనుకున్నప్పుడు ఇంజను నన్నంతగా వేధించలేదు. పిస్టన్లూ, క్లచ్ ప్లేట్లూ విజయవాడ ఆటోనగరులో దొరికాయి. ఏడిపించినదల్లా లోపలి సామానే: తలుపు అట్ట, అద్దం దించే పిడి.

కారణం ఊహించదగినదే. బొంబాయిలో ఈ బండి దశాబ్దాల పాటు టాక్సీగా బ్రతికింది. చిట్టచివర రిజిస్టరైన టాక్సీకి ఇరవయ్యేళ్ళ గడువు 2023 అక్టోబరులో తీరింది. టాక్సీకి బ్రేకులు కావాలి గానీ, అట్ట మీది కుట్టు అసలుదేనా అని ఎవరు చూడవచ్చారు?

"అచ్చం కంపెనీదే" అంటూ ఒక దుకాణదారు అంటగట్టిన పిడి, లోపలి పళ్ళు అరిగి నెలకే జారసాగింది. నకళ్ళు వద్దని నేననను. అవి లేనిదే ఈ బండ్లకు గతి లేదు. నకలును అసలని అమ్మడమే నాకు కిట్టదు. ఇంకొక మాట: విరిగినదైనా సరే, పాత ముక్కను పారవేయకండి. కొత్తదానికి కొలత అదే. సీటు కవర్లు కుట్టే సాయిబుగారు మా పాత అట్టనే ఆనవాలుగా పెట్టుకుని కొత్తది కోసి రెక్సిన్ తొడిగారు. రంగు ఒక పిసరు ముదిరింది, పోనిద్దురూ.

పాతది అటక మీద ఉంది. నాన్నగారి కుడిమోచేయి ఆని నలిగిన చోటు దాని మీద ఇంకా కనబడుతోంది.