లాగ్ లేని జబ్బు

మా ఇంట్లో లడ్డు అని ఓ గినీ పిగ్ ఉన్నాడు. పేరులో పిగ్ ఉందన్న మాటే గానీ పందికీ వాడికీ ఏ చుట్టరికమూ లేదు. వాళ్ళ పూర్వీకులది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. మా నాన్న మాత్రం మొదటిసారి చూసి "డబ్బులిచ్చి పందికొక్కుని తెచ్చుకున్నావా!" అన్నారు.

పోయిన చలికాలంలో లడ్డు తిండి తగ్గించేశాడు. ఆ సంగతి మాకు వెంటనే తెలీనే లేదు. ఎందుకంటే ఫ్రిజ్ తలుపు చప్పుడు వినగానే ఎప్పట్లాగే వీక్ వీక్ మని గోల చేసేవాడు, కొత్తిమీర దగ్గరికి పరిగెత్తేవాడు, నోట్లో పెట్టుకుని వదిలేసేవాడు. చలికేమోలే అనుకున్నాం. ఓరోజు మా ఆవిడ వాణ్ణి ఎత్తుకుని "ఏంటండీ, వెన్నెముక చేతికి తగుల్తోంది" అంది. ఆ బొచ్చు కింద ఎంత చిక్కిపోయాడో కంటికి కనిపించదు మరి.

డాక్టరు తూచి 760 గ్రాములన్నాడు. "ఇంతకుముందు ఎంత ఉండేవాడు? ఎప్పట్నించి తగ్గుతున్నాడు?" అనడిగాడు. నేను తెల్లమొహం వేశాను. ఎప్పుడైనా తూస్తే కదా! ఆయన ముందు పళ్ళు చూసి బానే ఉన్నాయన్నాడు, టానిక్ రాసిచ్చాడు. రెండ్రోజులకి ఇంకా నీరసపడ్డాడు. ఇలాంటి జంతువుల్ని చూసే ఇంకో డాక్టర్ని వెతికి పట్టుకున్నాం. ఆవిడ నోరు తెరిచి లోపల లైటు వేసి చూస్తే అప్పుడు బయటపడింది అసలు విషయం. దవడ పళ్ళు పెరిగి నాలుక మీదకి వంగిపోయాయి. అంటే వాడికి ఆకలి లేక కాదు, నమల్లేక తినట్లేదు.

ఆఫీసులో సర్వర్ పడిపోయినప్పుడు లాగ్ లేకపోతే జూనియర్ల మీద ఎగిరేది నేనే. ఇంట్లో మాత్రం సున్నా మానిటరింగ్. "ఎందుకో చిక్కిపోయాడు" అనే మాటకి చాలాసార్లు అసలు అర్థం "మేం చూడలేదు" అనే. ఇది నా అభిప్రాయం, నా మీద నేనే వేసుకుంటున్న నింద కూడా.

వీటితో చిక్కేంటంటే, అడవిలో వేటాడబడే జాతి కాబట్టి జబ్బుని దాచుకుంటాయి. పైకి తెలిసేటప్పటికే ఆలస్యమైపోతుంది. పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అవి అరగాలంటే రోజంతా ఎండుగడ్డి నమలాలి. మేమేమో ప్యాకెట్ పెల్లెట్లు గిన్నె నిండా పోసి, గడ్డి పిడికెడు పడేసేవాళ్ళం.

పళ్ళొక్కటే కారణం కానక్కర్లేదు. మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు ఉత్త ధాన్యపు తిండి పెట్టి గినీ పిగ్‌లకి స్కర్వీ తెప్పించి చూపించారు. సి తగ్గితే ఆకలి పోతుంది, కీళ్ళు నొప్పి పెడతాయి. పెల్లెట్లలో కలిపిన సి కూడా నెలలు గడిచేకొద్దీ తరిగిపోతుంది. అందుకే రోజూ ఓ క్యాప్సికం ముక్క పెట్టాలి.

ఇంకో మాట. పూట గడిచినా ఏమీ తినకపోతే "రేపు చూద్దాం" అనుకోవద్దు. వీటి పేగు ఆగకుండా కదుల్తుండాలి, ఆగితే ప్రాణం మీదకొస్తుంది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ లాంటివి అస్సలు వేయకండి. మనకి మందే, వీటికి విషం.

పళ్ళు అరగదీయించడానికైన ఖర్చు విని మా ఫ్రెండొకడు "ఆ డబ్బుతో కొత్తవి నాలుగు కొనొచ్చు కదరా" అని నవ్వాడు. పాడైతే మార్చుకోడానికి అదేమన్నా కంప్యూటర్ మౌసా? మనం తెచ్చి పంజరంలో పెట్టాం. గడ్డి వెతుక్కునే అవకాశం వాడికి లేదు, నొప్పి అని చెప్పే నోరూ లేదు. తెచ్చుకున్నవాడికి చూసుకునే బాధ్యత కూడా ఉంటుంది.

నన్నడిగితే పంజరం కంటే ముందు వంటింటి డిజిటల్ త్రాసు కొనాలి. వారానికోసారి, ఒకే వేళకి తూచి రాసుకోవాలి. రెండు నిమిషాల పని. మా ఎక్సెల్ షీట్లో ఇప్పుడు ప్రతి ఆదివారం ఓ అంకె చేరుతోంది. పోయిన వారం 880. పళ్ళు మళ్ళీ పెరగొచ్చని డాక్టరు ముందే చెప్పింది. ఈసారి 50 గ్రాములు తగ్గినా ముందు మాకే తెలుస్తుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి బుజ్జి ప్రాణి ఉంటే ఈ ఆదివారమే తూచి చూడండి.